కెమెరా కంటే ముందు ఊపిరి: జాక్ కూస్టో జీవితకథ



సెలవులు అయిపోయి స్కూల్ తెరిచాక పిల్లలు మాకు చూపించే వీడియోల్లో ఈ మధ్య నీళ్ల అడుగున తీసినవి కూడా ఉంటున్నాయి. కొందరు ఎల్‌టీసీ మీద అండమాన్ వెళ్లొస్తున్నారు, కొందరు గోవా వెళ్తున్నారు, మంచిర్యాలలో రైలెక్కి వైజాగ్ వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఎవరు తెచ్చిన వీడియో అయినా ఒకేలా ఉంటుంది. పచ్చటి నీళ్లు, బుడగలు, అటూ ఇటూ ఊగే దృశ్యం. చేప కనబడిందనుకునేలోపే ఫ్రేమ్ దాటిపోతుంది. ఆ తర్వాత ఇంట్లో మొదలయ్యే ప్రశ్న మీకు తెలిసిందే: ఇంకా మంచి కెమెరా కొంటే వీడియో కదలకుండా వస్తుంది కదా?

ఈ నెల మన జీవితకథ శీర్షికలో ఆ ప్రశ్నకు తన జీవితమంతా జవాబు వెతికిన మనిషిని మీకు పరిచయం చేస్తాను. ఆయన పేరు జాక్ ఈవ్ కూస్టో. ఫ్రాన్స్ దేశపు నేవీ అధికారి, సినిమా దర్శకుడు, సముద్ర పరిశోధకుడు. సముద్రం అడుగున ఏముంటుందో ప్రపంచానికి తెర మీద చూపించిన వాళ్లలో ముందువరసలో ఉండే మనిషి. ఆయన కథ చదివాక ఏ కెమెరా కొనాలన్నదే కాదు, కెమెరా కంటే ముందు ఏం కావాలన్నది కూడా మీకే అర్థమవుతుంది.

కిటికీలు పగలగొట్టిన కుర్రాడు

కూస్టో 1910 జూన్ 11న ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం దగ్గర ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడు ఎప్పుడూ జబ్బే. ఒంటికి శ్రమ పెట్టవద్దని డాక్టర్లు చెప్పారు. అయినా ఈత నేర్చుకున్నాడు. తండ్రి ఉద్యోగం వల్ల పదేళ్ల వయసులో అమెరికా వెళ్లాల్సి వచ్చింది. అక్కడ ఒక వేసవి శిబిరంలో, పిల్లలు చెరువులోకి దూకే చోట నీటి అడుగున పడి ఉన్న కొమ్మలను తీసే పని ఇతనికి అప్పగించారు. ఊపిరి బిగపట్టి మునగడం, నీళ్లలో కళ్లు తెరిచి చూడడం అలా అలవాటయ్యాయి.

పదమూడేళ్లకు, దాచుకున్న డబ్బుతో ఒక చిన్న సినిమా కెమెరా కొన్నాడు. కొన్నాక ముందు చేసిన పని దాన్ని పూర్తిగా విప్పి, మళ్లీ బిగించడం. లోపల ఏ పళ్లచక్రం దేన్ని తిప్పుతుందో తెలుసుకున్నాకే దానితో సినిమాలు తీశాడు. చదువులో మాత్రం వెనకబడ్డాడు. స్కూల్ కిటికీల అద్దాలు పగలగొట్టి, ఆ స్కూల్ నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. తర్వాత చేర్చిన క్రమశిక్షణ గల బోర్డింగ్ స్కూల్లో కుదురుకుని, 1930లో ఫ్రెంచ్ నేవీ అకాడమీలో సీటు సంపాదించాడు.

పిల్లలు ఇంట్లో రిమోట్‌నో ఫ్యాన్ రెగ్యులేటర్‌నో విప్పి పెట్టినప్పుడు మనకు కోపం రావడం సహజమే. మెయిన్ ఆఫ్ చేశాకే అలాంటి పని చేయాలని మాత్రం గట్టిగా చెప్పండి. విప్పినదాన్ని మళ్లీ బిగించమని కూడా అడగండి. కూస్టో నేర్చుకున్నది ఎక్కువగా ఆ బిగించే పనిలోనే.

విరిగిన చేతులు, కొత్త కళ్లు

ఆయన కోరిక పైలట్ కావాలని. నేవీలో విమాన శిక్షణ కూడా తీసుకున్నాడు. కానీ ఒక కారు ప్రమాదంలో రెండు చేతులూ విరిగాయి. ఒక చేతిని తీసేయాలన్న డాక్టర్ల మాటకు ఒప్పుకోలేదు. వేళ్లు కదలడానికే నెలలు పట్టింది. పైలట్ ఆశ అక్కడితో పోయింది. తూలోన్ రేవులో పనిచేస్తున్నప్పుడు చేతులకు బలం రావాలని రోజూ సముద్రంలో ఈదేవాడు. తోటి అధికారి ఫిలిప్ తైయే తోడు ఉండేవాడు. 1936లో ఒకరోజు నీళ్లలో పెట్టుకునే కళ్లద్దాలు తగిలించుకుని తల ముంచాడు. అంతవరకు మసకగా కనిపించిన అడుగు ఒక్కసారిగా తేటపడింది. నాచు, రాళ్లు, చేపలు అన్నీ కనిపించాయి. ఇక అదే తన దారి అనుకున్నాడు.

నీళ్లలో మన కంటికి ఎందుకు మసకగా కనిపిస్తుంది? పదో తరగతి పిల్లలను అడగండి, వక్రీభవనం పాఠంలో చదివే ఉంటారు. కన్ను గాలిలో చూడటానికి తయారైంది. కంటికీ నీటికీ మధ్య పలుచటి గాలి పొర ఉంటేనే దృశ్యం తేటగా కనబడుతుంది. ఆ గాలి పొర పని చేసేదే డైవింగ్ మాస్క్. కెమెరా కేసులోనూ జరిగేది అదే. చదునైన అద్దం వెనక నుంచి చూస్తే నీళ్లలోని వస్తువులు నాలుగో వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి. దానివల్ల చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. అందుకే నీళ్ల అడుగున జూమ్ వాడకూడదు. వీలైనంత విశాలంగా చూసే లెన్స్ వాడి, కెమెరాతో మనమే వస్తువు దగ్గరకు వెళ్లాలి.

దుప్పటి కింద అతికించిన రీళ్లు

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. కూస్టో పాత 35 ఎంఎం కినామో కెమెరా ఒకటి చవకగా కొన్నాడు. హంగరీ నుంచి వచ్చిన ఒక శరణార్థి దానికి లెన్స్ చేసి ఇచ్చాడు. నేవీ మెకానిక్ ఒకరు నీళ్లు చొరబడని కేసు తయారు చేశాడు. కానీ సినిమా ఫిల్మ్ ఎక్కడా దొరకలేదు. ఫోటోలు తీసే ఫిల్మ్ రోల్స్ కొని, వెలుతురు తగలకుండా దుప్పటి కింద కూర్చుని, ఒకదానికొకటి అతికించి పొడుగు రీలు చేసుకున్నారు. 1942లో తైయే, ఫ్రెడరిక్ దూమా అనే ఇద్దరు మిత్రులతో కలిసి తన మొదటి నీటి అడుగు సినిమా తీశాడు. దాని పేరుకు అర్థం పద్దెనిమిది మీటర్ల లోతున అని.

ఆ సినిమా మొత్తం ఊపిరి బిగపట్టి తీసినదే. ఒక మునకకు ఒకటి రెండు నిమిషాలకు మించి ఉండలేరు. కిందికి దిగడానికి కొంత, పైకి రావడానికి కొంత పోతే, కెమెరా పట్టుకుని నిలకడగా ఉండే సమయం కొన్ని సెకన్లే. గుండె దడదడ కొట్టుకుంటుంటే చెయ్యి ఎలా నిలుస్తుంది? కూస్టోకు అర్థమైంది ఇదే. అడ్డం వస్తున్నది కెమెరా కాదు, ఊపిరి. ఇంకా మంచి కెమెరా కోసం వెతకడం ఆపి, నీళ్లలో తీరిగ్గా ఊపిరి తీసుకునే సాధనం కోసం వెతకడం మొదలుపెట్టాడు.

గని నుంచి వచ్చిన కవాటం

అంతకుముందే ఆయన స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో పనిచేసే పరికరాన్ని ప్రయత్నించాడు. విడిచిన గాలిని శుభ్రం చేసి మళ్లీ పీల్చుకునే పద్ధతి అది. మన సింగరేణి రెస్క్యూ టీంలో పనిచేసిన వాళ్లు ఇంట్లో ఉంటే, ఇలాంటి పరికరం గురించి వాళ్లను అడగండి. గనిలో ప్రాణం కాపాడే పద్ధతి నీటి లోతులో ప్రాణం మీదికి తెస్తుంది. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఆ పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ విషంగా మారి మూర్ఛ తెప్పిస్తుంది. కూస్టోకు రెండుసార్లు అలా మూర్ఛ వచ్చింది. రెండుసార్లూ చావు అంచు దాకా వెళ్లి బయటపడ్డాడు.

1942 చివర్లో పారిస్‌లో ఎమిల్ గాన్యాఁ అనే ఇంజినీరును కలిశాడు. యుద్ధంలో పెట్రోల్ కరువై కార్లను గ్యాస్‌తో నడుపుతున్న కాలం అది. ఇంజిన్‌కు ఎంత కావాలో అంతే గ్యాస్ వదిలే ఒక కవాటాన్ని గాన్యాఁ తయారుచేసి ఉన్నాడు. మనిషి ఊపిరికీ అదే పద్ధతి పనికొస్తుందని ఇద్దరూ అనుకున్నారు. పీలిస్తేనే గాలి రావాలి, అదీ చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపడా రావాలి.

ఈ ఆలోచనకు పాత మూలం ఒకటి ఉంది. మన బెల్ట్ వాళ్లకు అది ఆసక్తి కలిగించే సంగతి. 1860లో బెన్వా రూకెరోల్ అనే ఫ్రెంచ్ గనుల ఇంజినీరు ఇలాంటి రెగ్యులేటర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఊపిరాడని గనుల్లో చిక్కుకున్న వాళ్లను కాపాడటం దాని ఉద్దేశం. తర్వాత దెనెరూజ్ అనే నేవీ అధికారి కలవడంతో అది నీళ్లలోకి దిగింది. ఈరోజు అండమాన్‌లో మీ అబ్బాయి నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్‌కు పూర్వీకుడు గని కార్మికుడి కోసం పుట్టాడన్నమాట.

కూస్టో, గాన్యాఁ చేసిన మొదటి పరికరం సరిగ్గా పనిచేయలేదు. 1943 జనవరిలో పారిస్ దగ్గర మార్న్ నదిలో పరీక్షిస్తే, నిటారుగా ఉన్నప్పుడు గాలి ఊరికే బుసబుసమని బయటికి పోయింది. తలకిందులైతే పీల్చడమే కష్టమైంది. ఇద్దరూ తిరుగుదారిలోనే కారణం పట్టుకున్నారు. గాలి వచ్చే చోటు ఒక ఎత్తులో, విడిచే చోటు ఇంకో ఎత్తులో ఉండడంతో రెండు చోట్లా నీటి పీడనం వేరుగా ఉంది. రెండింటినీ పక్కపక్కన పెడితే సమస్య తీరిపోయింది. అదే ఏడాది వేసవిలో మధ్యధరా సముద్రంలో కూస్టో ఎవరి సాయమూ లేకుండా, గొట్టాలూ తాళ్లూ లేకుండా, చేపలా తిరిగాడు. ఆ పరికరానికి ఆక్వాలంగ్ అని పేరు వచ్చింది.

కదలని చిత్రం వెనక ఉన్నది

ఊపిరి కుదిరాక కెమెరా కుదిరింది. మునిగిపోయిన ఓడల చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ 1943లోనే ఇంకో సినిమా తీశాడు. తేలకుండా మునగకుండా నీళ్ల మధ్యలో వేలాడినట్టు ఉండగలిగితే, ఆ మనిషే ట్రైపాడ్ అవుతాడు. తొమ్మిదో తరగతి ఆర్కిమెడిస్ సూత్రం ఇక్కడ పనికొస్తుంది. మనిషి బరువు, అతను తొలగించిన నీటి బరువు సమానమైతే అతను ఉన్నచోటే నిలుస్తాడు. కెమెరాకూ ఇదే లెక్క. కేసు మరీ బరువుగా ఉంటే చెయ్యి కిందికి లాగుతుంది. మరీ తేలికైతే పైకి లాగుతుంది. రెండు సందర్భాల్లోనూ మణికట్టు అలసి వీడియో వణుకుతుంది.

కూస్టో బృందం వాడిన సినిమా కెమెరాలు టార్పెడో ఆకారంలో ఉండేవి. ఒక చేత్తో కాకుండా రెండు చేతులతో పట్టుకునేవాళ్లు. తర్వాతి కాలంలో ఇద్దరు పడుకుని నడిపే చిన్న గుండ్రటి జలాంతర్గామి కూడా చేయించి, దాని నుంచి చిత్రీకరించారు. చిత్రం ఊగుతోందంటే దాన్ని మోస్తున్నది ఊగుతోందని ఆయన లెక్క.

రెండో సమస్య రంగు. నీరు ముందుగా ఎరుపును మింగేస్తుంది. కొద్ది మీటర్లు దిగేసరికే ఎరుపు మాయమై అంతా నీలం, పచ్చగా కనిపిస్తుంది. లోతులో దూమా ఈటెతో పొడిచిన చేప నుంచి వచ్చిన రక్తం పచ్చగా కనిపించి ఆ బృందమే ఆశ్చర్యపోయింది. అందుకే వాళ్లు బలమైన దీపాలు కిందికి తీసుకెళ్లారు. వెలుతురు పడగానే బూడిదరంగు రాళ్ల మీద ఎరుపు, నారింజ రంగులు మెరిశాయి.

మూడో సమస్య కేసు బరువు. ఫోటోల కోసం జాన్ ద వూటర్స్ అనే బెల్జియం ఇంజినీరుతో కలిసి, కేసే అవసరం లేని కెమెరాను తయారు చేయించాడు. కెమెరా ఒంటికే రబ్బరు రింగులతో సీలు వేశారు. తన ఓడ పేరే దానికి పెట్టారు, కాలిప్సో అని. 1963 నుంచి నికాన్ కంపెనీ దాన్ని నికోనోస్ పేరుతో తయారు చేసింది. ఈరోజు మీరు షాపులో చూసే వాటర్‌ప్రూఫ్ కెమెరాలకు అది పెద్దన్న లాంటిది.

గెలుపు, దాని మీద మచ్చ

కాలిప్సో నిజానికి యుద్ధకాలంలో సముద్రపు మందుపాతరలు ఏరడానికి కట్టిన పాత ఓడ. 1950లో ఒక ధనవంతుడు దాన్ని కొని, ఏడాదికి ఒక్క ఫ్రాంకు అద్దెకు కూస్టోకు ఇచ్చాడు. ఓడ ముక్కు దగ్గర, నీటి మట్టానికి కింద, కిటికీలున్న చిన్న గది కట్టించాడు. ఆ ఓడ మీద తిరుగుతూ, అప్పటికి ఇరవై మూడేళ్లైనా దాటని లూయీ మాల్ అనే కుర్రాణ్ని తోటి దర్శకుడిగా పెట్టుకుని తీసిన సినిమా 1956లో కాన్ ఫెస్టివల్‌లో అత్యున్నత బహుమతి గెలిచింది. మరుసటి ఏడాది ఆస్కార్ కూడా వచ్చింది. ఆ సినిమా పేరు నిశ్శబ్ద ప్రపంచం.

అదే సినిమాను ఈరోజు పిల్లలతో కలిసి చూస్తే మీరు కొన్నిచోట్ల ముఖం తిప్పుకుంటారు. చేపల లెక్క తీయడానికి పగడపు దిబ్బను డైనమైట్‌తో పేల్చే దృశ్యం ఉంది. ఓడ తగిలి గాయపడిన తిమింగలం పిల్లను చంపడం, దాని దగ్గర చేరిన సొరచేపలను సిబ్బంది కసితో కొట్టి చంపడం కూడా ఉన్నాయి. అప్పట్లో చాలామందికి అది సాహసంలా కనిపించింది. చిత్రం ఎంత నిలకడగా ఉన్నా, తీసేవాళ్ల మనసు నిలకడగా లేదని ఇప్పుడు చూస్తే తెలుస్తుంది.

అయితే కూస్టో అక్కడే ఆగిపోలేదు. ఏళ్ల తరబడి ఒకే చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్లి చిత్రీకరించడంతో, ఒకప్పుడు చేపలతో నిండిన చోట్లు బోసిపోవడం ఆయన కంటపడింది. 1960లో అణు వ్యర్థాలను మధ్యధరా సముద్రంలో పడేయాలన్న ప్రయత్నాన్ని బహిరంగంగా ఎదిరించాడు. 1960ల చివరి నుంచి టీవీలో వచ్చిన ఆయన సీరియల్ దేశదేశాల ఇళ్లలోకి సముద్రాన్ని తెచ్చింది. 1973లో సముద్రాల రక్షణకు ఒక సొసైటీ స్థాపించాడు. అంటార్కిటికాలో గనులు తవ్వకూడదని ప్రపంచమంతా తిరిగి సంతకాలు సేకరించాడు. 1991లో అక్కడ మైనింగ్‌ను నిషేధించే ఒప్పందం కుదిరింది. బొగ్గు మీద బతికే ఊళ్లో కూర్చుని ఈ మాట రాస్తున్నప్పుడు నాకు కొంచెం ఆలోచన కలుగుతుంది. ఎక్కడ తవ్వాలి, ఎక్కడ వదిలేయాలి అన్నది రేపు నిర్ణయించేది మన పిల్లలే.

ఆయన జీవితంలో దుఃఖమూ తక్కువ కాదు. తండ్రితో కలిసి సినిమాలు తీసిన రెండో కొడుకు ఫిలిప్ 1979లో లిస్బన్ దగ్గర నీటి విమానం ప్రమాదంలో ముప్పై ఎనిమిదేళ్లకే చనిపోయాడు. 1996లో సింగపూర్ రేవులో ఒక బార్జ్ ఢీకొని కాలిప్సో మునిగింది. 1997 జూన్ 25న, 87 ఏళ్ల వయసులో కూస్టో పారిస్‌లో కన్నుమూశాడు.

మరి మీరు ఏం కొనాలి?

ఇల్లలకగానే పండగ కాదు. కెమెరా కొనగానే వీడియో రాదు. కూస్టో వెళ్లిన వరుసలోనే మీరూ వెళ్లండి.

1. ముందు ఈత. కోచ్ ఉన్న స్విమ్మింగ్ పూల్‌లో నేర్పించండి. గోదావరిలో, ఎల్లంపల్లి నీళ్లలో, పాత ఓపెన్‌కాస్ట్ గుంతల్లో రీల్స్ కోసం దిగడానికి ఒప్పుకోవద్దు. ఆ గుంతల అంచు నిటారుగా ఉంటుంది, లోతు పైకి తెలియదు.

2. తర్వాత ఊపిరి. స్కూబా డైవ్‌కు వెళ్తే శిక్షకుడి మాటే ఫైనల్. వీడియో కదలకూడదని ఊపిరి బిగపట్టడం చాలా ప్రమాదం. సిలిండర్ గాలి పీల్చుతూ ఊపిరి బిగపట్టి పైకి వస్తే, లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నెమ్మదిగా, ఆపకుండా పీల్చి వదలడమే చేతిని కూడా నిలబెడుతుంది. మొదటిసారి డైవ్ చేసే పిల్లల చేతికి కెమెరా ఇవ్వకండి.

3. రెండు పిడులున్న ట్రే. చిన్న యాక్షన్ కెమెరాను ఒక చేత్తో పట్టుకుంటే వణుకుతుంది. ట్రేకు బిగించి, మోచేతులు ఒంటికి ఆనించి, రెండు చేతులతో పట్టుకోవాలి. కింద పడేలా బరువుంటే చిన్న ఫ్లోట్ కట్టండి. మణికట్టుకు తాడు తప్పనిసరి.

4. లైట్. జూమ్ మీద కాకుండా వీడియో లైట్ మీద ఖర్చు పెట్టండి. లైట్‌ను లెన్స్ పక్కనే కాకుండా కాస్త దూరంగా పెట్టాలి. లేకపోతే నీళ్లలోని నలుసులన్నీ మంచులా మెరుస్తాయి.

5. అన్నిటికన్నా చివర కెమెరా. విశాలంగా చూసే లెన్స్, సెకనుకు 60 ఫ్రేములు తీసే వీలు, ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ఉంటే చాలు. స్టెబిలైజేషన్ చిన్న వణుకును సరిచేస్తుంది కానీ అంచులను కత్తిరిస్తుంది, చీకటి నీళ్లలో మసకను ఆపలేదు. కంపెనీ రాసిన లోతు హద్దు దాటకండి. కేసు ఉంటే, ముందు కెమెరా లేకుండా లోపల టిష్యూ పేపర్ పెట్టి బకెట్‌లో ముంచి చూడండి. రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు దూరతాయి.

6. తీసేటప్పుడు ఒక దృశ్యం మీద పది సెకన్లు ఆగాలి. పగడాన్ని ముట్టకూడదు, చేపను తరమకూడదు.

ఈ ఆదివారం ఇంట్లో ఒక ప్రయోగం చేయించండి. చిన్న ప్లాస్టిక్ సీసాలో కొంచెం ఇసుక, కొంచెం నీళ్లు పోసి మూత బిగించి, బకెట్ నీళ్లలో వేయండి. తేలితే ఇంకాస్త ఇసుక వేయాలి, మునిగితే తీయాలి. సీసా తేలకుండా, మునగకుండా మధ్యలో నిలిచేదాకా ప్రయత్నించాలి. పది సార్లైనా పట్టొచ్చు, విసుక్కోకుండా చేయనివ్వండి. అలా నిలిచిన సీసా బరువును నోట్‌బుక్‌లో రాసుకుని స్కూల్‌కు తెమ్మనండి. సైన్స్ పీరియడ్‌లో అందరి లెక్కలూ పోల్చి చూస్తాం.